పూచీ పడే నగరాలు

"పని అంతా కంప్యూటర్ మీదే జరుగుతున్నప్పుడు లా ఫర్ములూ, ఆడిట్ సంస్థలూ, బీమా బ్రోకర్లూ ఇంకా లండన్, న్యూయార్క్, సింగపూర్ వంటి కొద్ది నగరాల్లోనే ఎందుకు గుమిగూడి ఉన్నాయి? ఆ సంస్థల్లో చాలావాటికి హైదరాబాదులో వేలాది ఉద్యోగులు ఉన్నారు కదా, మరి హైదరాబాదును కూడా ఆ వరసలో చేర్చవచ్చా?" అని అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని అడిగారు. తన పరిశోధన వ్యాసానికి ఇదే అంశాన్ని ఎంచుకున్నానని కూడా చెప్పారు. ప్రశ్న మంచిది కాబట్టి జవాబు కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను ఛార్టర్డ్ అకౌంటెంటును. ఇరవై ఆరేళ్ళ వృత్తిలో పదకొండేళ్ళు లండన్‌లో గడిచాయి. కంపెనీలు చేతులు మారేటప్పుడు కొనేవారి తరఫున అమ్మేవారి లెక్కలు తవ్వి చూడడం నా పని. ఆ తరువాత తిరిగివచ్చి, అదే తరహా పనిని హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడలో కూర్చుని చేసే బృందాన్ని నడుపుతున్నాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో నాకు తోచిన జవాబును ముందే చెబుతాను. ఈ నగరాలు అమ్మే వస్తువు పేరు పూచీ. మన పల్లెల్లో అప్పు అడిగేవాడి పక్కన ఒక పెద్దమనిషి నిలబడి "ఇతనికి నేను పూచీ" అంటే, అప్పిచ్చేవాడు ఆ పెద్దమనిషి ముఖం చూసి డబ్బు లెక్కపెట్టేవాడు. ముక్కూ ముఖం తెలియని రెండు దేశాల కంపెనీల మధ్య వందల కోట్ల లావాదేవీ జరిగేటప్పుడు ఆ పెద్దమనిషి స్థానంలో నిలబడేవాళ్ళే ఆడిటర్లు, న్యాయవాదులు, బీమా భారాన్ని తలకెత్తుకునే అండర్‌రైటర్లు, మధ్యవర్తులు. పని విడిపోయి ఎక్కడికైనా పోగలదు, పోయింది కూడా. పూచీ మాత్రం అంత సులభంగా ఊరు మారదు.

ఈ సేవలంటే ఏవో స్పష్టం చేసుకుందాం. ఇళ్ళకు అవసరమయ్యే సేవలు ఇందులోకి రావు. ఒక వ్యాపారం మరొక వ్యాపారానికి అమ్మే సేవలే ఇవి: ఆడిట్, పన్ను సలహా, న్యాయ సలహా, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, బీమా, పునర్బీమా (బీమా కంపెనీలకే బీమా), ఆస్తులకు విలువ కట్టడం, తగాదాల పరిష్కారం, ప్రకటనలు, యాజమాన్య సలహా. సామాజిక శాస్త్రవేత్త సాస్కియా సాసెన్ 1991లో న్యూయార్క్, లండన్, టోక్యో నగరాల మీద వెలువరించిన అధ్యయనంలో ఈ సేవలనే కేంద్రంగా పెట్టుకున్నారు. కర్మాగారాలు దేశదేశాలకూ చెదిరిపోయినకొద్దీ వాటిని ఒక తాటిమీద నడిపించే పని మరింత చిక్కుపడుతుందని, ఆ చిక్కు విప్పే నిపుణులు మాత్రం చెదిరిపోకుండా కొద్దిచోట్ల దగ్గరవుతారని ఆమె వాదించారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ వాదంలోని మూలసూత్రం నిలబడే ఉందని నా అనుభవం చెబుతున్నది.

ఇంత ప్రత్యేకమైన సేవలు అవసరం కావడమెందుకో హైదరాబాదు మందుల పరిశ్రమలోనే చూడవచ్చు. అమెరికాలో 1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం, పేటెంటు గడువు తీరకముందే జెనరిక్ మందు తేవాలనుకునే కంపెనీ "ఆ పేటెంటు చెల్లదు, లేదా మా మందు దానిని ఉల్లంఘించడం లేదు" అని ధ్రువీకరించాలి. జీడిమెట్లలోనూ బాచుపల్లిలోనూ దీనిని అందరూ "పారా ఫోర్" అంటారు. నోటీసు అందిన 45 రోజుల్లో పేటెంటుదారు దావా వేస్తే ఆమోదం సాధారణంగా 30 నెలల వరకు ఆగిపోతుంది. మొదట దరఖాస్తు చేసినవారికి మాత్రం, అన్నీ కలిసివస్తే, 180 రోజులపాటు పోటీ జెనరిక్ లేకుండా అమ్ముకునే హక్కు దక్కుతుంది. డాక్టర్ రెడ్డీస్ సంస్థకు 2001లో ఫ్లూఆక్సెటీన్ 40 మిల్లీగ్రాముల మోతాదుకు ఆ హక్కు దక్కింది. భారతీయ కంపెనీకి అది దక్కడం అదే మొదటిసారి. అదే ఏడాది ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. ఈ రెండు సంఘటనల వెనుక రసాయన శాస్త్రం మన దగ్గరిదే. కానీ పేటెంటు చెల్లదని అమెరికా న్యాయస్థానం ముందు నిలబడి వాదించేవాళ్ళు, అక్కడి మదుపరులు నమ్మే పద్ధతిలో లెక్కలను ఆడిట్ చేసేవాళ్ళు, వాటాలకు ధర కట్టి అమ్మిపెట్టేవాళ్ళు కూడా కావాలి. మందు తయారీ తెలిసినంత మాత్రాన ఈ పనులు రావు.

అటువంటి వాళ్ళను కంపెనీలే ఉద్యోగంలోకి తీసుకోవచ్చు కదా అని మీకు సందేహం రావచ్చు. దీనికి పాఠ్యపుస్తకాలు చెప్పే కారణం అరుదుతనం. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీకి చెందిన బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నది. అంతటి కొనుగోలు ఒక కంపెనీ జీవితంలో ఏ పదేళ్ళకో ఒకసారి వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో లండన్‌లోనో ఉన్న న్యాయవాది మాత్రం అటువంటివి ఏడాది పొడవునా చేస్తూనే ఉంటాడు. చెయ్యి తిరిగినవాడు కావాలంటే చేతినిండా పని ఉండే ఊరికే వెళ్ళాలి. ఈ కారణం నిజమే కాని, నా దృష్టిలో అసలు కారణం మరొకటి. తన లెక్కలు సరైనవని కంపెనీ తానే చెప్పుకుంటే ఎవరూ వినరు. తన పేటెంటు వాదన బలమైనదని తన ఉద్యోగి చేత చెప్పించినా అంతే. మాట చెప్పేవాడు బయటివాడై ఉండాలి, ఆ మాట తప్పితే నష్టపోవడానికి అతనికంటూ పేరూ ఆస్తీ ఉండాలి. ఈ సేవలు కంపెనీల గోడలు దాటి వేరే సంస్థలుగా నిలబడడానికి మూలం ఇదే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఇంగ్లండులోని ఒక వాహన విడిభాగాల కంపెనీని ఒక జపాన్ కంపెనీ కొంటున్నది. మేము కొనేవారి పక్షాన ఉన్నాము. లండన్‌లో బిషప్స్‌గేట్‌కు దగ్గరలో ఒక లా ఫర్ము ఆరో అంతస్తులో, రెండు పక్కలా గాజు గోడలున్న గదిలో కూర్చున్నాము. బల్ల మీద చల్లారిపోయిన శాండ్‌విచ్చులు, ప్రతి పక్షానికీ ఒక రంగు అట్టలో సంతకాల పేజీలు పేర్చి ఉన్నాయి. రాత్రి పదకొండు దాటాక బీమా కంపెనీ తరఫు న్యాయవాది మా నివేదికలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. అమ్మేవారి హామీలు తప్పని తేలితే కొనేవారికి నష్టం కట్టే పాలసీ అది. కొనేవారు పరిశీలించని విషయానికి ఆ పాలసీ వర్తించదు. పాత ఉద్యోగుల పింఛను నిధిలోని లోటును మేము "యాజమాన్యం ఇచ్చిన అంకెల ఆధారంగా" చూశామని రాసి ఉంది. చూసినట్టా, చూడనట్టా అని ఆయన ప్రశ్న.

రెండు వీధుల అవతల ఉన్న యాక్చువరీని, అంటే బీమా, పింఛను లెక్కలు కట్టే నిపుణుడిని, పిలిపించాము. బీమా బ్రోకరు తన ఆఫీసు నుంచి ఏడు నిమిషాల్లో నడిచి వచ్చింది. అంకెల మీద ముప్పావుగంట చర్చ నడిచింది. ఆఖరున బీమా న్యాయవాది కాగితాలు పక్కన పెట్టి, నా వైపు తిరిగి ఒకే మాట అడిగాడు: "ఈ లెక్క మీరు చూశారా, మీ బృందం చూసిందా?" ఆ పట్టికలు వేసింది హైదరాబాదులోని నా సహచరులు. అదే చెప్పాను. అందులో మూడు అంశాలను నేను స్వయంగా మళ్ళీ వేసి చూశానని, మిగిలిన వాటిని వాళ్ళు ఎలా చేశారో అడిగి తెలుసుకున్నానని, నివేదికలో ఆ వాక్యాన్ని మార్చి నా సంస్థ పేరుతో ఇవ్వడానికి సిద్ధమని చెప్పాను. ఆయన నేను మాట్లాడుతున్నంతసేపూ కాగితం వైపు చూడలేదు, నన్నే చూశాడు. తరువాత తన పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుని, పింఛను లోటు మీద పెట్టదలచిన మినహాయింపు ఎత్తివేయడానికి ఒప్పుకున్నాడు. తెల్లవారుజామున రెండున్నరకు సంతకాలయ్యాయి.

ఆ రాత్రి జరిగినదాన్ని ఈమెయిళ్ళ మీద చేసి ఉంటే నాలుగు రోజులు పట్టేది. ఆ నాలుగు రోజుల్లో అమ్మేవారి మనసు మారినా ఆశ్చర్యం లేదు. కానీ నేను ఆ సంఘటనను గుర్తుచేసుకునేది ఆదా అయిన సమయం కోసం కాదు. పట్టికలోని అంకె హైదరాబాదులో పుట్టినా, దానికి బీమా కంపెనీ డబ్బు పెట్టడానికి సిద్ధపడింది ఒక మనిషి ఎదురుగా కూర్చుని "ఇది నాది" అన్న తరువాతే. దగ్గరగా ఉండడం వల్ల సమాచారం త్వరగా అందుతుందని ఆర్థికవేత్తలు చెబుతారు. సమాచారం నానక్‌రామ్‌గూడకు కూడా అదే క్షణంలో అందుతుంది. ఆ గదిలో దొరికినది మనిషిని అంచనా కట్టే అవకాశం, ఆ మనిషి రేపు కూడా ఇదే వీధుల్లో తన ముఖం చూపించుకుని తిరగాలన్న భరోసా.

లండన్‌లో ఈ అలవాటు చాలా పాతది. ఎడ్వర్డ్ లాయిడ్ అనే వ్యాపారి కాఫీ దుకాణం ప్రస్తావన 1688 నుంచే కనబడుతుంది. ఓడల యజమానులూ, కెప్టెన్లూ, వర్తకులూ అక్కడ చేరి కబుర్లు పంచుకునేవారు. ప్రయాణంలో ఓడ మునిగితే ఇంత భాగం నష్టం నేను భరిస్తానని ఒప్పుకున్నవారు కాగితం మీద ఒప్పందం కింద తమ పేరు రాసేవారు. అండర్‌రైటర్ అన్న మాటకు మూలం అదే, కింద పేరు రాసేవాడు అని. ఆ దుకాణం నుంచి పెరిగినదే నేటి లాయిడ్స్ బీమా మార్కెట్. లైమ్ స్ట్రీట్‌లోని 1986 నాటి భవనంలోకి నేను ఒక బ్రోకరుతో కలిసి వెళ్ళినప్పుడు, ఆయన తోలు సంచిలో కాగితాల కట్టతో, బాక్సులని పిలిచే బల్లల దగ్గర వరసలో నిలబడ్డాడు. మొదట ఆయన వెళ్ళింది ఆ రకం నష్టభయంలో అందరూ గౌరవించే అండర్‌రైటర్ దగ్గరికి. ఆయన పది నిమిషాలు ప్రశ్నలడిగి, తన సిండికేట్ (నష్టాన్ని కలిసి భరించే మదుపరుల బృందం) భరించే శాతం రాసి ముద్ర వేశాడు. ఆ ముద్రను చూశాక మిగిలిన బల్లల దగ్గర పని చాలా తేలికైంది. ఇప్పుడు ఆ కాగితాలలో అధికభాగం ఎలక్ట్రానిక్ వేదిక మీదికి మారిపోయినా, మొదటి ముద్ర ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంది. మొదటివాడు చూశాడు కాబట్టి నేనూ నమ్ముతానన్న ఏర్పాటు పనిచేయాలంటే వాళ్ళందరికీ ఒకరినొకరు తెలిసి ఉండాలి, ఎవరు ఎప్పుడు మాట తప్పారో గుర్తుండాలి.

పని పోయినా పూచీ మిగిలిపోతుందనడానికి లండన్ ఓడరేవు కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. కంటెయినర్ ఓడలు వచ్చాక నగరంలోని డాకులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఈస్ట్ ఇండియా డాక్ 1967లో, వెస్ట్ ఇండియా డాక్ 1980లో, రాయల్ డాక్స్ 1981లో. కూలీలు, గిడ్డంగులు, క్రేన్లు అన్నీ వెళ్ళిపోయాయి. ఓడల బీమా, ఓడల అద్దె ఒప్పందాల బ్రోకరేజి, సముద్ర వాణిజ్య న్యాయవాదులు, మధ్యవర్తులు మాత్రం వెళ్ళలేదు. ఓడల అద్దెలకు ప్రపంచమంతా ప్రమాణంగా చూసుకునే సూచీని వెలువరించే బాల్టిక్ ఎక్స్ఛేంజ్ 1744 నాటి కాఫీ దుకాణం నుంచి వచ్చినదే. దానిని 2016లో సింగపూర్ ఎక్స్ఛేంజ్ కొనుక్కున్న తరువాత కూడా దాని పని లండన్‌లో సాగుతూనే ఉంది. మూతపడిన వెస్ట్ ఇండియా డాకుల మీదే కెనరీ వార్ఫ్ బ్యాంకు భవనాలు లేచాయి. 1986 అక్టోబరు 27న స్టాక్ ఎక్స్ఛేంజి నిబంధనలను ఒక్కసారిగా సడలించడంతో విదేశీ బ్యాంకులు వచ్చిపడి, పాత నగరంలో చోటు చాలకపోవడం దానికి ఒక కారణం. పాత సిటీ ఆఫ్ లండన్ వైశాల్యం మూడు చదరపు కిలోమీటర్లకు లోపే. కొద్దివేలమంది మాత్రమే నివసించే ఆ చోటికి పనిచేయడానికి వచ్చేవారు ఆరు లక్షలకు పైమాటే.

విశాఖపట్నంలో బొగ్గు దించుకోవలసిన ఓడ రేవు బయట పన్నెండు రోజులు నిలిచిపోయిందనుకోండి. ఓడ యజమాని గ్రీసు దేశస్థుడు, సరుకు ఇండొనేషియాది, కొన్నవారు మనవాళ్ళు. ఆలస్యానికి చెల్లించవలసిన డెమరేజ్ ఎవరి నెత్తిన పడాలన్న తగాదాను తరచు లండన్‌లో, ఇంగ్లీషు చట్టం కింద తేల్చుకుంటారు. ఒప్పందంలో ముందే అలా రాసి ఉంటుంది. ఈ వ్యవహారంలో బ్రిటనుకు సంబంధించినది ఏదీ లేదు. కానీ 1895లో ఏర్పడిన అక్కడి కమర్షియల్ కోర్టు నూట ముప్పై ఏళ్ళుగా ఇలాంటి తగాదాల మీద తీర్పులిస్తూ వచ్చింది. ఫలానా మాటకు ఫలానా అర్థమే చెబుతారని ఇరుపక్షాల న్యాయవాదులూ ముందుగానే ఊహించగలరు. అలా ఊహించగలగడమే అక్కడ దొరికే సరుకు.

తక్కిన నగరాలు ఆ సరుకును పట్టుదలతో తయారుచేసుకోవడం మన కళ్ళముందే జరిగింది. దుబాయి 2004లో తన ఆర్థిక కేంద్రానికి దేశ సివిల్, వాణిజ్య చట్టాలతో సంబంధం లేకుండా, ఇంగ్లీషు భాషలో, పాత తీర్పులను ప్రమాణంగా తీసుకునే కామన్ లా పద్ధతిలో నడిచే న్యాయవ్యవస్థను ఏర్పాటు చేసింది. సింగపూర్ 1991లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) కేంద్రాన్ని, 2015లో విదేశీ న్యాయమూర్తులు కూడా కూర్చునే వాణిజ్య న్యాయస్థానాన్ని నెలకొల్పింది. ఈరోజు రెండు భారతీయ కంపెనీలు కూడా తమ తగాదాను సింగపూర్‌కు తీసుకుపోతున్నాయంటే, అక్కడి న్యాయవాదులు మనవాళ్ళకంటే తెలివైనవారని కాదు. తీర్పు త్వరగా వస్తుందని, వచ్చిన తీర్పును అక్కడి కోర్టులు తిరగతోడవని నమ్మకం.

పూచీ విఫలమైతే ఏమవుతుందో హైదరాబాదుకు బాగా తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ చైర్మన్ తమ లెక్కల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు నిజానికి లేవని లేఖ రాశారు. దాదాపు యాభైవేల ఉద్యోగులు, మంచి ఖాతాదారులు, మాదాపూర్‌లో కిటకిటలాడే భవనాలు, ఇవన్నీ మరునాడు కూడా ఉన్నాయి. లేకుండా పోయినది ఒక్కటే, ఆ కంపెనీ గురించి ఏ అంకె చెప్పినా నమ్మదగిన మనిషి. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించింది. వాళ్ళు లెక్కలు తిరగరాయడానికి కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలను, కొనేవారిని వెతకడానికి గోల్డ్‌మన్ శాక్స్, అవెండస్‌లను పిలిపించారు. ఆ వేలాన్ని పర్యవేక్షించడానికి సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఒకరు ఒప్పుకున్నారు. ఏప్రిల్ నెలలో టెక్ మహీంద్రా కంపెనీని కైవసం చేసుకున్నది. మూడు నెలల్లో ఒక కంపెనీ బతికి బట్టకట్టిందంటే, కొత్త పూచీదారులు వచ్చి నిలబడినందువల్లే. అయితే వాళ్ళలో ముఖ్యులు వచ్చింది ముంబై నుంచి, ఢిల్లీ నుంచి, ఆ నగరాల వెనుక ఉన్న న్యూయార్క్ నుంచి. ఆ వాటాలు న్యూయార్క్‌లో కూడా చలామణిలో ఉన్నందువల్ల అక్కడి మదుపరుల దావాలను పరిష్కరించుకోవడానికి 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

అంతకుముందు 2002లో, అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ లెక్కల మోసంలో ఇరుక్కున్న ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ పరిస్థితి ఇంకా ఘోరం. ప్రపంచమంతటా సుమారు 85,000 మంది పనిచేసిన ఆ సంస్థ నెలల వ్యవధిలో కూలిపోయింది. మంచి పనివాళ్ళు ఎంతమంది ఉన్నా, సంతకానికి విలువ పోయాక అమ్ముకోవడానికి ఏమీ మిగలలేదు. ఈ సేవల ఫీజులు చూసి మనవాళ్ళు గుండెలు బాదుకుంటారు. అందులో కొంత నిజంగానే అన్యాయమని నేనూ అంటాను. కానీ మిగిలిన భాగం, తప్పు జరిగిన రోజున పోగొట్టుకోవలసినదానికి ముందుగా తీసుకునే ధర.

ఇక మీ రెండో ప్రశ్న. లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పీటర్ టేలర్ ప్రారంభించిన బృందంలోని పరిశోధకులు 1990ల చివరి నుంచి ఆడిట్, న్యాయ, ప్రకటన, ఆర్థిక సేవల సంస్థలకు ఏయే నగరాల్లో ఆఫీసులున్నాయో చూసి నగరాలను ఆల్ఫా, బీటా, గామా తరగతులుగా విభజిస్తున్నారు. ఆఫీసు ప్రాముఖ్యాన్ని బట్టి 0 నుంచి 5 వరకు విలువ ఇస్తారు కాబట్టి అది ఊరికే తలలు లెక్కపెట్టడం కాదు. అయినా హైదరాబాదు విషయంలో ఆ కొలత మనకు కావలసింది చెప్పదు. గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ భవనాల్లో వేలమంది చేసే ఆడిట్, పన్ను, విలువ కట్టే పనికి బయటి ఖాతాదారు ఉండడు. వాళ్ళ ఖాతాదారు అదే సంస్థకు చెందిన లండన్ ఆఫీసు, చికాగో ఆఫీసు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఇక్కడి పని స్థాయి ఎంతో పెరిగింది. నా బృందంలోని ముప్పై ఏళ్ళ అమ్మాయి కొత్త లావాదేవీ ఫైలు తెరిచిన గంటలో, ఆదాయాన్ని త్రైమాసికం చివరికి నెట్టి చూపిన చోటును వేలు పెట్టి చూపగలదు. లండన్‌లో ఆ వయసులో నేను అంత చేయలేకపోయాను. అయినా నివేదిక కింద ఆమె పేరు పడదు.

ఆమె పేరు ఎందుకు పడదన్నదే మీ అధ్యయనంలో అసలు అధ్యాయం కావాలని నా సూచన. కొంత చట్టం వల్ల. బ్రిటిష్ కంపెనీ ఆడిట్ నివేదికపై అక్కడ నమోదైన ఆడిటరే సంతకం చేయాలి, ఆ సంతకానికి వృత్తి బాధ్యత బీమా ఉండాలి, దావా పడితే అక్కడి కోర్టు పిలవగలగాలి. కొంత మన చేజేతులా. మన దేశంలో ఒక భాగస్వామ్య సంస్థలో 20 మందికి మించి భాగస్వాములు ఉండకూడదన్న పాత నియమం 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల (ఎల్ఎల్‌పీ) చట్టం వచ్చేదాకా వృత్తి సంస్థలను ఎదగనివ్వలేదు. హిమాయత్‌నగర్‌లో, బషీర్‌బాగ్‌లో దిగ్గజాల వంటి ఆడిటర్లు ఉండేవారు. వాళ్ళ దగ్గరే నేను ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేశాను. వాళ్ళ నిజాయితీకి ఊరంతా తలవంచేది, కాని ఆ పేరు వాళ్ళ గది దాటి నలభై దేశాలకు వెళ్ళే దారి లేదు. విదేశీ న్యాయ సంస్థలు ఇక్కడ ఆఫీసు పెట్టరాదని, అప్పుడప్పుడు వచ్చి సలహా ఇచ్చి వెళ్ళవచ్చునని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో బార్ కౌన్సిల్ నిబంధనలతో ఆ తలుపు కొంత తెరుచుకున్నది. మందుల రాజధాని అని పిలుచుకునే హైదరాబాదులో పేటెంటు కార్యాలయం కూడా లేదు. ఆ నాలుగు కార్యాలయాలు కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నైలలో ఉన్నాయి, మనం చెన్నై కిందికి వస్తాము. 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చొరవతో ఇక్కడ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైంది. అటువంటి సంస్థకు పేరు రావాలంటే దశాబ్దాలు పడుతుంది, ఆ దశాబ్దాలను కాపాడవలసినవి మన కోర్టులే.

కృత్రిమ మేధ వచ్చి ఇదంతా మార్చేస్తుందా అని కూడా మీరు ఆలోచిస్తూ ఉండవచ్చు. పట్టికలు వేయడం, ఒప్పందాల ముసాయిదా రాయడం వంటి పని యంత్రం చేతికి ఇప్పటికే వెళుతున్నది. దాని దెబ్బ ముందుగా తగిలేది పని చేసిపెట్టే నగరాలకు, అంటే మనకు. యంత్రం రాసినదానికి ఎవరు పూచీ అని అడిగే రోజున సంతకం ఉన్న నగరాల విలువ తగ్గదు, పెరుగుతుందేమోనని నాకు భయం.

భయంతో పాటు ఒక ఆశ కూడా ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ తనిఖీలకు కర్మాగారాన్ని సిద్ధం చేయడం, అభ్యంతరాల నోటీసుకు జవాబు రాయించడం, అనుమతి దరఖాస్తులు తయారు చేయడం వంటి విద్యల్లో ఇరవై ముప్పై ఏళ్ళు పండిపోయినవాళ్ళు ఈ నగరంలో ఉన్నారు. ఉద్యోగ విరమణ చేసి కూకట్‌పల్లిలో రెండు గదుల ఆఫీసు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి వేరే రాష్ట్రాల కంపెనీలు వచ్చి కూర్చోవడం నేను చూశాను. ఆయన చూసి సరే అన్నారంటే వాళ్ళకు ధైర్యం. హైదరాబాదు సొంత పేరు మీద అమ్మగలిగే మొదటి పూచీ అక్కడ పుడుతుందని నా నమ్మకం.

ఈ సేవలు పెరిగిన నగరం అందరికీ ఒకేలా పెరగదన్న విషయాన్ని మీ వ్యాసంలో వదిలిపెట్టవద్దు. సాసెన్ కూడా ఈ మాట గట్టిగానే చెప్పారు. మేము సంతకాలు ముగించి బయటపడ్డ ఆ తెల్లవారుజామున, మా గదిని ఊడ్చే ఆఫ్రికా ఖండపు మహిళలు నైట్ బస్సు దిగి లోపలికి వస్తున్నారు. ఇక్కడ రాత్రి షిఫ్టుకు మమ్మల్ని దింపే క్యాబ్ డ్రైవరు గచ్చిబౌలిలో గది అద్దెకు తీసుకోలేక పటాన్‌చెరు అవతల నుంచి వస్తాడు. పూచీ అమ్మే నగరం వీళ్ళ శ్రమ మీదే నిలబడి ఉంది, వీళ్ళ ఇంటి అద్దెకు మాత్రం ఎవరూ పూచీ లేరు.

పరిశోధన ఎలా మొదలుపెట్టాలో కూడా అడిగారు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైటులో తెలుగు రాష్ట్రాల కంపెనీల పబ్లిక్ ఇష్యూ ప్రాస్పెక్టస్‌లు, అంటే ప్రజలకు వాటాలు అమ్మే ముందు వెలువరించే వివరణ పత్రాలు, ఒక పది దించుకోండి. వాటి అట్ట పేజీల్లోనూ సాధారణ సమాచారం అన్న అధ్యాయంలోనూ ఇష్యూ నడిపిన బ్యాంకర్లు, న్యాయ సలహాదారులు, ఆడిటర్లు, రిజిస్ట్రారు పేర్లు చిరునామాలతో ఉంటాయి. ఒక్కొక్క సేవకు ఒక గడి గీసి, నగరం పేరు రాసుకుంటూ పొండి. కంపెనీ మనదైనా బ్యాంకర్ల గడిలోనూ న్యాయవాదుల గడిలోనూ ఎక్కువగా ముంబై పేరు రాసుకుంటారు. ఆడిటర్ల గడిలో హైదరాబాదు కొన్నిసార్లు కనిపిస్తుంది. రిజిస్ట్రారు గడిలో మాత్రం, వాటాదారుల ఖాతాలు నిర్వహించే కేఫిన్ టెక్నాలజీస్ ఇక్కడి నుంచి ఎదిగినదే కాబట్టి, నానక్‌రామ్‌గూడ చిరునామా తరచుగా ఎదురవుతుంది, ముంబై కంపెనీల ప్రాస్పెక్టస్‌లలో కూడా. ఆ ఒక్క సేవ మన నగరంలో ఎలా నిలదొక్కుకున్నదో, పక్క గడుల్లోని సేవలు ఎందుకు నిలదొక్కుకోలేదో ఆ రంగంలో పాతికేళ్ళు పనిచేసినవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని మీకు పరిచయం చేయడానికి నేను సిద్ధం.